జున్నులో మొదటి వాటా ఎవరిది?



జున్ను అంటే ఇష్టం లేనివాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరనే నా నమ్మకం. పక్కవాళ్ళ ఆవో గేదో ఈనిందని తెలియగానే, జున్నుపాలు ఎప్పుడు పంపిస్తారా అని వీధిగుమ్మంలో కాచుకుని కూచునే రకమే మీరంతా. మీ వయసులో నేనూ అంతే. అమ్మ జున్నుపాలలో బెల్లమూ, మిరియాలపొడీ, యాలకులపొడీ కలిపి, గిన్నెను ఆవిరి మీద పెట్టేది. ఆ మూత తీసేదాకా నేను పొయ్యి దగ్గరినుంచి కదిలేవాణ్ణి కాదు.

కాని ఈ నెల నేను చెప్పబోయేది జున్ను రుచిని గురించి కాదు. అటువంటి జున్ను తిన్న మూడోనాడు మా ఇంట్లో ఒక లేగదూడ చచ్చిపోయింది. అది ఎందుకు చచ్చిపోయిందో నాకు చాలా ఏళ్ళదాకా తెలియలేదు. తెలిసిన తరవాత మీబోటివాళ్ళకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలనిపించింది.

ఆ నాలుగు రోజులు

మాకు ఒక ఎర్రావు ఉండేది. ఒకనాడు దీపాలు పెట్టేవేళ అది ఈనింది. పెయ్యదూడ పుట్టింది. నుదుట తెల్లని చుక్క. గంట తిరగకుండానే లేచి, తడబడుతూ తల్లి పొదుగు వెతుక్కున్నది. కాని మా పాలేరు దాన్ని పట్టుకుని దూరంగా గుంజకు కట్టేశాడు.

"మాయ పడేదాకా దూడకు పాలివ్వకూడదు. ఇస్తే మాయ పడదు, దూడకు అరగదు" అన్నారు పెద్దవాళ్ళు. ఊరంతా అదే మాట నమ్మేది.

మాయ పడేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఈలోగా పొదుగు బరువెక్కిందని పాలు పితికారు. వాటితోనే మాకు జున్ను. దూడకు మొదటిసారి పాలు దొరికేటప్పటికి అది పుట్టి పద్ధెనిమిది గంటలు దాటింది.

మూడోరోజు పొద్దున దాని తోకా, వెనకకాళ్ళూ తడిసి ఉన్నాయి. తెల్లగా, కొంచెం పసుపుగా, నీళ్ళలా పారుతున్నది. "పాలు ఎక్కువై పారుతున్నది" అని పాలు మాన్పించారు. సాయంకాలానికి దాని కళ్ళు లోపలికి పోయాయి, చెవులు చల్లబడ్డాయి. నేను దాని నోట్లో వేలు పెట్టాను. ముందురోజు నా వేలు గట్టిగా చప్పరించిన దూడ ఇప్పుడు పట్టించుకోలేదు. నాలుగోరోజు తెల్లవారేటప్పటికి చచ్చిపోయింది. ఎర్రావు రెండురోజులపాటు ఆ గుంజకేసి చూసి అరుస్తూనే ఉన్నది.

మా పెద్దవాళ్ళకు దూడ మీద ప్రేమ లేక కాదు. వాళ్ళు చేసినదంతా దాని మేలు కోరే చేశారు. అయినా మూడు పొరపాట్లు జరిగాయి. అవి ఏవో తెలుసుకోవాలంటే ముందు మనం దూడ పేగులోకి తొంగిచూడాలి.

పేగులో చేరిన చుట్టాలు

దూడ తల్లి కడుపులో ఉన్నంతకాలం దాని పేగులో ఒక్క సూక్ష్మజీవి కూడా కాపురం పెట్టదు. పుట్టి నేల మీద పడీపడగానే అవి ప్రవేశిస్తాయి. పేడ అంటిన పొదుగు నాకితే నోటివెంట పోతాయి. మురికి గడ్డి కొరికితే పోతాయి. కడగని చెంబుతో పాలు పడితే పోతాయి. పచ్చిగా ఉన్న బొడ్డులోనుంచి కూడా దారి చేసుకుంటాయి.

అందరికంటె ముందు వచ్చేవాటిలో ఒకటి ఈ. కోలై అనే బాక్టీరియా. జర్మనీ దేశపు పిల్లల వైద్యుడు థియోడర్ ఎషెరిక్ 1885లో పసిపిల్లల మలాన్ని పరీక్షిస్తూ దీన్ని కనిపెట్టాడు. చిన్న కడ్డీలాగా ఉంటుంది. అయిదువందల కడ్డీలను వరసగా పేర్చితేగాని ఒక మిల్లీమీటరు పొడుగు ఉండదు! తిండీ వెచ్చదనమూ దొరికితే ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఆ రెండూ మరి ఇరవై నిమిషాలకు నాలుగు. ఈ లెక్కన ఒకే ఒక్కటి ఏడు గంటల్లో ఎన్ని అవుతుందో కాగితం మీద వేసి చూడండి. ఇరవై లక్షలు దాటుతాయి.

భయపడకండి. ఈ. కోలైలలో చాలా జాతులు మంచివే. ఇప్పుడు మీ పేగులోనూ, నా పేగులోనూ కోట్లకొద్దీ ఉన్నాయి. కాని కొన్ని జాతులకు రెండు ఆయుధాలు ఉంటాయి. మొదటిది, వాటి ఒంటినిండా ఉండే నూగు వంటి సన్నని పోగులు. ఈ పోగులతో అవి దూడ చిన్నపేగు గోడను పట్టుకుని వేలాడతాయి. ఎంత ప్రవాహం వచ్చినా కొట్టుకుపోవు. రెండవది ఒక విషపదార్థం. అది పేగుగోడలోని జీవకణాలను మాయచేస్తుంది. పేగు చేయవలసిన పని నీటిని లోపలికి పీల్చుకోవటం. ఈ విషం తగలగానే అది తిరగబడి, ఒంట్లో ఉన్న ఉప్పునూ నీటినీ పేగులోకి తోడిపోయటం మొదలుపెడుతుంది. అదే తెల్లపారుడు.

తమాషా ఏమంటే, ఈ పోగులు పట్టుకోవటానికి వీలైన చోట్లు దూడ పేగులో పుట్టిన మొదటి మూడునాలుగు రోజులే ఉంటాయి. తరవాత అవి మాయమవుతాయి. అందుచేత ఈ జాతి ఈ. కోలై పారుడు ముఖ్యంగా ఆ మొదటి రోజుల జబ్బు. మా తెల్లచుక్క పెయ్యకు వచ్చినదీ ఇదే అయి ఉండాలి.

మరి ఇద్దరు శత్రువులు

ఒకటి రెండు వారాలు దాటిన దూడకు ఇంకొక శత్రువు ఉన్నది. దాని పేరు సాల్మొనెల్లా. ఆ పేరు అమెరికా పశువైద్యుడు డేనియల్ సాల్మన్ పేరునుంచి వచ్చింది. నిజానికి 1885లో దాన్ని పందుల్లో కనిపెట్టినవాడు ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ అనే యువకుడు. పేరు మాత్రం పైఅధికారిది! ఈ స్మిత్‌ను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్ళీ వస్తాడు.

ఈ. కోలై పేగుగోడను పట్టుకుని ఊరుకుంటే, సాల్మొనెల్లా ఆ గోడకు కన్నం వేస్తుంది. లోపలికి దూరి పేగును పుండుచేస్తుంది. అప్పుడు దూడకు జ్వరం వస్తుంది. పేడ భరించలేని కంపు కొడుతుంది. అందులో నెత్తురూ, జిగటా, పేగుపొర పీలికలూ కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు బాక్టీరియా రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ, కీళ్ళకూ పోతుంది. కీళ్ళు వాచి దూడ కుంటుతుంది. ఇంకొక ముఖ్యమైన మాట: ఇది దూడనుంచి మనకూ అంటుకుంటుంది. కనక పారుతున్న దూడను ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోకుండా నోటి దగ్గరికి పోనివ్వకండి. పచ్చిపాలు తాగకండి.

మూడో శత్రువు పేరు క్లాస్ట్రీడియం. గింజలాంటి గట్టి పెంకులో దాక్కుని ఇది మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలదు. ఇందులో ఒక జాతి చిన్న దూడలకూ, గొర్రెపిల్లలకూ పేగు నెత్తురుచేసి చంపుతుంది. ఇంకొక జాతి గొర్రెలకు తెచ్చే జబ్బును మన కాపరులు చిటుకు రోగం అంటారు. తొలకరి వానలకు లేచిన లేతపచ్చిక గొర్రెలు ఆబగా మేస్తాయి. పేగులో తిండి ఎక్కువయ్యేసరికి క్లాస్ట్రీడియం విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. నిన్న బలంగా గంతులు వేసిన పిల్ల ఇవాళ చచ్చిపడి ఉంటుంది. మందు వేసే వ్యవధి కూడా ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేయించాలి.

పారుడన్నది బాక్టీరియా ఒక్కటే తెచ్చేది కాదు. కొన్ని వైరస్‌లూ, గేదెదూడల్లో ఏలికపాములూ కూడా తెస్తాయి. ఏది తెచ్చిందో కంటితో చూసి చెప్పటం కష్టం. అది పశువుల డాక్టరు పని. కాని దూడ ప్రాణం ఎలా పోతుందో మనం తెలుసుకోవచ్చు.

ఎండిపోయే దూడ

ఇరవై కిలోల దూడ ఉన్నదనుకోండి. దాని ఒంట్లో నాలుగింట మూడువంతులు, అంటే 15 కిలోలు నీరే. అందులో ఒక కిలో పోతే దానికి నోరెండిపోతుంది, హుషారు తగ్గుతుంది. రెండు కిలోలు పోతే కళ్ళు గుంటలు పడతాయి, లేచి నిలబడలేదు. మూడు కిలోల దాకా పోతే ఇక బతకదు. బాగా పారే దూడ ఒక పగలూ ఒక రాత్రిలోనే రెండు కిలోల నీరు పోగొట్టుకోగలదు!

నీటితోపాటు ఉప్పూ, ఒంట్లో పులుపు పెరగకుండా కాపాడే క్షారమూ పోతాయి. రక్తం చిక్కబడుతుంది, పులుపెక్కుతుంది. గుండె బలహీనపడుతుంది. చెవులూ కాళ్ళూ చల్లబడేది అందుకే. తెల్లపారుడులో దూడను చంపేది ముఖ్యంగా ఈ ఎండిపోవటమే. పేగుగోడ మాత్రం చాలావరకు చెక్కుచెదరకుండానే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. దూడను బతికించే కిటుకు ఇందులోనే ఉన్నది.

ఈ విషం సంగతి తెలుసుకోవటంలో మన దేశపు శాస్త్రజ్ఞుడికి పెద్ద భాగం ఉన్నది. ఆయన కలకత్తాకు చెందిన శంభునాథ్ దే. కుందేలు పేగులో చిన్నముక్కను రెండు చివరలా దారంతో కట్టి, అందులోకి కలరా బాక్టీరియా ఎక్కిస్తే, ఆ ముక్క నీటితో ఉబ్బిపోతుందని ఆయన చూపించాడు. 1956లో, విరేచనాలు పట్టుకున్న రోగులనుంచి తీసిన కొన్ని ఈ. కోలైలు కూడా అలాగే చేస్తాయని చూశాడు. 1959లో, బాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవంతోనే పేగు నీటితో నిండుతుందని రుజువుచేశాడు. అంటే నీటిని తోడిపోసేది బాక్టీరియా వదిలిన విషమేనన్నమాట. దూడ పేగులో జరిగేదీ ఇలాంటిదే.

విషం తగిలినా పేగుగోడలో ఒక దారి మూతపడదు. అది చక్కెర దారి. గ్లూకోజు లోపలికి పోయేటప్పుడు ఉప్పును కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. ఒట్టి నీళ్ళు తాగిస్తే అంతగా నిలవదు. ఉప్పూ గ్లూకోజూ కలిసిన నీళ్ళు నిలుస్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధపు కాందిశీకులు బొనగావ్ శిబిరంలో కలరాతో చచ్చిపోతూంటే, దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఇటువంటి నీళ్ళు తాగించే వేలమందిని కాపాడాడు. మనుషులకు పనికివచ్చిన ఈ కిటుకే దూడలకూ పనికివస్తుంది.

పుట్టిన దూడకు కాపలా ఎవరు?

అన్ని దూడలూ మురికిలోనే పుడుతున్నాయి. అన్నిటి నోట్లోకీ ఈ. కోలై పోతూనే ఉన్నది. మరి కొన్నే ఎందుకు పారతాయి?

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు అందుతాయి. ఇవి రోగక్రిములను పట్టుకునే కాపలావాళ్ళు. కాని ఆవు, గేదె, మేక, గొర్రె - వీటి మాయ వేరు. దానిగుండా ప్రతిరక్షకాలు పోలేవు. దూడ కాపలా లేని కోటలాగా పుడుతుంది. ఆ కాపలావాళ్ళనంతా తల్లి తన పొదుగులో దాచి ఉంచుతుంది. అవే జున్నుపాలు! కొన్నిచోట్ల వీటిని ముర్రుపాలు అంటారు.

మామూలు ఆవుపాలలో నూటికి మూడుపాళ్ళ చిల్లర మాంసకృత్తులు ఉంటాయి. మొదటి జున్నుపాలలో పద్నాలుగు పాళ్ళ దాకా ఉండవచ్చు. ఆ ఎక్కువలో చాలా భాగం ప్రతిరక్షకాలే. మామూలు పాలు కాస్తే పొంగుతాయిగాని గడ్డకట్టవు కదా? జున్నుపాలు ఏమీ తోడుపెట్టకుండానే కోడిగుడ్డు సొనలాగా ఎందుకు గట్టిపడతాయో ఇప్పుడు తెలిసిందా? వేడికి ఆ మాంసకృత్తులు గడ్డకడతాయి. అంటే మనం ఆవిరిమీద ఉడికించి తినేది దూడ కాపలావాళ్ళనే! అందుచేత దూడకు పట్టే జున్నుపాలు ఎన్నడూ మరగబెట్టకూడదు.

థియోబాల్డ్ స్మిత్‌ను గుర్తుపెట్టుకోమన్నాను గదూ? ఆయనే పెద్దవాడైన తరవాత, 1922లో, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో రాల్ఫ్ లిటిల్ అనే పశువైద్యుడితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. కొన్ని దూడలకు జున్నుపాలు దొరకనిచ్చాడు. కొన్నిటికి దొరకనివ్వలేదు, మామూలు పాలే పట్టించాడు. జున్నుపాలు తాగని దూడల్లో ఎక్కువ భాగం కొద్దిరోజుల్లోనే చచ్చిపోయాయి. వాటి అవయవాల్లో ఈ. కోలై కనిపించింది. ఇతర దూడలకు ఏ హానీ చేయని సూక్ష్మజీవులే వీటిని చంపాయన్నమాట. జున్నుపాల ముఖ్యమైన పని కాపలా కాయటమేనని ఆయన తేల్చాడు.

ఇంకొక చిక్కు ఉన్నది. ప్రతిరక్షకాలు చాలా పెద్ద రేణువులు. అవి పేగుగోడ దాటి రక్తంలోకి పోవటానికి పుట్టిన దూడకు ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఆ తలుపు గంటగంటకూ మూసుకుంటూ వస్తుంది. మొదటి ఆరు గంటల్లో బాగా తెరిచి ఉంటుంది. ఇరవై నాలుగు గంటలు అయ్యేటప్పటికి దాదాపు మూతపడుతుంది. తరవాత బకెట్లకొద్దీ జున్నుపాలు పట్టినా, కాపలావాళ్ళు కోట బయటే ఉండిపోతారు.

మూడు పొరపాట్లు

ఇప్పుడు మా దూడ సంగతి మీరే చెప్పగలరు.

మొదటి పొరపాటు, పద్ధెనిమిది గంటలు ఆపటం. తలుపు తెరిచి ఉన్నప్పుడు పాలు లేవు; పాలు వచ్చేటప్పటికి తలుపు మూసుకుపోతున్నది. పైగా దూడ పొదుగు కుడిస్తే మాయ పడదనటం తప్పు. దూడ కుడిచినప్పుడు తల్లి ఒంట్లో పుట్టే ఒక పదార్థం గర్భసంచిని ముడుచుకునేలా చేసి, మాయ పడటానికి సాయమే చేస్తుంది.

రెండవ పొరపాటు, పారుడు మొదలైనప్పుడు పాలు మాన్పించటం. పాలు మానేస్తే పేగులోని విషం పోదు. దూడకు ఆకలి మాత్రం మిగులుతుంది.

మూడవది, పోయిన నీటిని తిరిగి పోయకపోవటం. దాని ఒళ్ళు ఎండిపోతూంటే మేమంతా చుట్టూ కూచుని చూశాం. ఉప్పూ, గ్లూకోజూ, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళు డాక్టరు చెప్పిన పాళ్ళలో, పాలు పట్టే వేళకు ఎడంగా, పగలంతా కొంచెం కొంచెంగా పడితే అది బతికి ఉండేదేమో.

మీరు చేయగల పనులు

మీ ఇంట్లోగాని, మీ ఊళ్ళోగాని ఆవో గేదో ఈనినప్పుడు పెద్దవాళ్ళకు ఈ సంగతులు చెప్పండి. చిన్నపిల్లలం, మా మాట ఎవరు వింటారు అనకండి. ఎందుకో వివరంగా చెబితే పెద్దవాళ్ళు తప్పకుండా వింటారు.

పొదుగు శుభ్రంగా కడిగి, పుట్టిన రెండు గంటలలోపలే దూడకు జున్నుపాలు తాగించాలి. మొదటి కొద్దిగంటల్లో దాని బరువులో పదోవంతు పాలు దాని కడుపులో పడాలి. ఇరవై కిలోల దూడకు రెండు లీటర్లన్నమాట. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ రాయాలి. దూడను కట్టేచోట పేడా తడీ లేకుండా పొడిగడ్డి పరవాలి. పాలు పట్టే చెంబు ప్రతిసారీ కడగాలి.

రోజూ దూడ దగ్గరికి వెళ్ళి నాలుగు పరీక్షలు చేయండి. తోక తడిగా ఉన్నదా? కళ్ళు గుంటలు పడ్డాయా? నోట్లో వేలు పెడితే చప్పరిస్తున్నదా? మెడ మీద చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలితే టక్కున సర్దుకుంటున్నదా, ముడతపడి అలాగే నిలుస్తున్నదా? వీటిలో ఏది తేడాగా ఉన్నా సాయంకాలందాకా ఆగకండి. పారే దూడను మిగతావాటికి దూరంగా కట్టి, వెంటనే డాక్టరుకు కబురు పంపమనండి. మందులషాపులో ఏదో ఒక మాత్ర తెచ్చి వేయటం మంచిది కాదు. వైరస్ తెచ్చిన పారుడును బాక్టీరియాను చంపే మందు ఆపలేదు. చివరకు మీ చేతులు సబ్బుతో కడుక్కోవటం మరచిపోకండి.

అయితే ఇక జున్ను తినకూడదా అని మీరు బెంగపెట్టుకుంటున్నారు కదూ? నేను అలా అనటంలేదు. బాగా పాలిచ్చే ఆవు దగ్గర దూడ కడుపు నిండిన తరవాత కూడా జున్నుపాలు మిగులుతాయి. రెండోరోజు పాలతో కూడా జున్ను వస్తుంది. కొంచెం పలచగా ఉంటుంది, అంతే.

ఈసారి ఎవరైనా మీకు జున్ను గిన్నె అందిస్తే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక్క ప్రశ్న అడగండి: "దూడ తాగిందా?" తాగిందని చెబితే హాయిగా తినండి. మా ఇంట్లో ఆనాడు ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

పాలు తాగే దూడ పెద్దదై గడ్డి మేస్తుంది. గడ్డిని అరిగించుకోవటానికి దాని పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. అక్కడ కూడా కోటానుకోట్ల సూక్ష్మజీవులే పనిచేస్తాయి. కాని అవి స్నేహితులు. వాటి కథ వచ్చే నెల చెప్పుకుందాం.